కంచం ముందు రోజూ గొడవే... మా బాబుకు కూరగాయలు ఎలా అలవాటు చేయాలి?

నిజాంపేట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పెద్ద ఉత్తరం, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. బాబుకు ఆరున్నరేళ్లు, ఒకటో తరగతి. పాపకు రెండున్నర. పిల్లలిద్దరినీ పగలంతా చూసుకునేది అత్తగారే. బాబు తినేవి పెరుగన్నం, ఆలుగడ్డ వేపుడు, ఆమ్లెట్, చికెన్, నూడుల్స్. అంతకు మించి ఏదీ ముట్టడు. రెండేళ్లప్పుడు సొరకాయ పప్పు, పాలకూర పప్పు అన్నీ తిన్నవాడే. మూడేళ్లు దాటాక ఒక్కొక్కటీ మానేస్తూ వచ్చాడు. స్కూలుకు కూరన్నం పెడితే డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తుంది. పొద్దున ఒకటి, బడి నుంచి రాగానే ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి, మూడు పెద్ద గ్లాసుల పాలు చాక్లెట్ పొడి వేసుకుని తాగుతాడు. సాయంత్రం బిస్కెట్లు, చిప్స్ ఎలాగూ ఉన్నాయి.

"పోయిన నెల బెండకాయ కూర బలవంతంగా నోట్లో కుక్కితే కంచంలోనే కక్కుకున్నాడు. కోపం ఆపుకోలేక కొట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అని రాశారు. అత్తగారు ఫోన్లో బొమ్మలు పెట్టి, వాడు నోరు తెరిచినప్పుడల్లా ముద్ద పెట్టేస్తారు. క్యారెట్, బీన్స్ మెత్తగా రుబ్బి పప్పులో కలిపి కొన్నాళ్లు తినిపించారు కూడా. ఒకరోజు పప్పులో క్యారెట్ తునక కనపడేసరికి, అప్పటి నుంచి అసలు పప్పే మానేశాడు. భర్త వంకాయ, బీరకాయ ముక్కలు ఏరి కంచం అంచున పెడతారు. అడిగితే "నేను తినకుండానే పెరిగాను కదా" అంటారు. ఈమధ్య పాప కూడా అన్నను చూసి "నాకొద్దు" అని మూతి తిప్పుకుంటోంది. పిల్లల డాక్టర్ బాబు ఎత్తు, బరువు బాగానే ఉన్నాయని, హిమోగ్లోబిన్ 11.1 ఉందని, ఐరన్ సిరప్ వాడమని చెప్పారు.

"బలవంతంగా పెట్టాలా, తెలియకుండా కలిపి పెట్టాలా, వాడి ఖర్మకు వాడిని వదిలేయాలా? నేను ఇంట్లో లేకపోవడం వల్లే ఇలా తయారయ్యాడా?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

ముందు మీ చివరి మాటకు సమాధానం చెప్తాను, ఎందుకంటే అది మనసులో ఉన్నంతసేపు మిగతావేవీ మీకు వినపడవు. మీ ఉద్యోగం వల్ల ఇది రాలేదు. రెండేళ్ల వయసు నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు కొత్త తిండిని అనుమానంగా చూడటం, నిన్నటిదాకా తిన్నదాన్నే ఇవాళ వద్దనడం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లోనే ఉండే తల్లుల పిల్లలూ ఇదే చేస్తారు. చేదు రుచి పెద్దవాళ్ల కన్నా పిల్లల నాలుకకు గట్టిగా తెలుస్తుంది. మెంతికూర, కాకరకాయ మీకున్నట్టు వాడికి ఉండవు. మీ బాబు ఆ దశ చివర్లో ఉన్నాడు. ఇంకో మాట. కొట్టినందుకు మీరు బాధపడుతున్నారు, ఆ బాధ వాడికి తెలియదు. ఒకసారి దగ్గర కూర్చోబెట్టుకుని "ఆ రోజు కొట్టాను, అలా చేయకూడదు, ఇకమీదట తినమని కొట్టను" అని చెప్పండి. ఆరున్నరేళ్ల పిల్లాడికి ఆ మాట బాగా అర్థమవుతుంది. మాట ఇచ్చాక నిలబెట్టుకోండి.

ఇక హిమోగ్లోబిన్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు కనీసం 11.5 ఉండాలి. మీ వాడిది కొద్దిగా తక్కువ. మీ ఒక్క ఇంటి సమస్య కాదిది: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కంగారు పడొద్దు, అలాగని సిరప్ మానేసి "పాలకూర పెడితే సరిపోతుంది" అనీ అనుకోవద్దు. ఆకుకూరల్లోని ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. సిరప్‌ను డాక్టర్ చెప్పినన్నాళ్లూ వేయండి, పాలతో కలిపి మాత్రం వేయకండి. పాలు ఇనుమును పట్టనివ్వవు. నిమ్మరసం, ఉసిరి, జామపండు లాంటివి పట్టేలా చేస్తాయి. సిరప్ తాగుతున్నన్నాళ్లు విరేచనం నల్లగా వస్తే భయపడకండి. వాడు చికెన్ ఎలాగూ తింటాడు కాబట్టి అప్పుడప్పుడు కోడి కార్జం కూడా కొద్దిగా వేయించి పెట్టి చూడండి.

ఇప్పుడు అసలు చిక్కు. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఎక్కువగా కనపడింది కూరగాయలు కాదు, పాలు. మూడు పెద్ద గ్లాసులంటే ముప్పావు లీటరుకు తక్కువ ఉండదు. బడి నుంచి నాలుగింటికి వచ్చి పాలు, బిస్కెట్లు, చిప్స్ లాగించినవాడికి ఎనిమిదిన్నరకు ఆకలి ఎక్కడుంటుంది? ఆకలి లేని పిల్లాడి ముందు బీరకాయ కూర పెట్టి తినమంటున్నాం. కడుపు నిండినవాడు ఆలుగడ్డ వేపుడైతే తింటాడు, బీరకాయ ఎందుకు తింటాడు? పైగా అన్ని పాలు తాగే పిల్లల్లో ఇనుము తగ్గడం డాక్టర్లు తరచూ చూసేదే. కాబట్టి మొదటి పని కూరతో కాదు, గ్లాసుతో మొదలుపెట్టండి. పొద్దున ఒక చిన్న గ్లాసు, కావాలంటే రాత్రి ఇంకో చిన్న గ్లాసు చాలు, పెరుగు ఉండనే ఉంది. సాయంత్రం పాల బదులు ఒక అరటిపండో, ఉడకబెట్టిన పల్లీలో, మక్క కంకో, శనగలో పెట్టి, ఆ తర్వాత రాత్రి అన్నం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టకండి. రాత్రి భోజనం ఎనిమిదిన్నర నుంచి ఏడున్నరకు జరపగలిగితే ఇంకా మంచిది. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆలస్యమైతే అత్తగారితో కలిసి తినేస్తాడు, తప్పేం లేదు.

మీరు అడిగిన మూడు దారుల గురించి ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.

బలవంతం చేస్తే ఆ పూటకు రెండు ముద్దలు లోపలికి పోతాయి. అంతే. లియాన్ బర్చ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల తిండి అలవాట్ల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. ఆమె సహచరులతో కలిసి 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో చిన్నపిల్లలకు సూప్ ఇచ్చి, కొన్నిసార్లు "సూప్ తాగెయ్" అని వెంటపడ్డారు, కొన్నిసార్లు ఊరికే వదిలేశారు. వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తిన్నారు. వెంటపడినప్పుడు సూప్ బాగాలేదని గొణుక్కున్నారు. మీ వాడు బెండకాయ కక్కడానికి కూడా కారణం మొండితనం కాదు. జిగురుగా ఉన్న ముక్క, తనకు ఇష్టం లేకుండా, గొంతు దాకా వస్తే ఒళ్లు దానంతటదే తిప్పికొడుతుంది. ఇకమీదట బెండకాయ కనపడితే వాడికి గుర్తొచ్చేది ఆ కక్కు, ఆ దెబ్బ. అందుకే బెండకాయను రెండు మూడు నెలలు పక్కన పెట్టండి.

"ఈ కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనడం కూడా బలవంతానికి చెల్లెలే. 1984లోనే బర్చ్ బృందం ఇది చూసింది. ఒక పానీయం తాగితే బహుమానం ఇస్తామన్న పిల్లలకు, కొన్నాళ్లకు ఆ పానీయం మీద ఉన్న ఇష్టం కాస్తా తగ్గింది. లంచం ఇచ్చి మరీ పెడుతున్నారంటే అది బాగోదనేగా అని పిల్లలు లెక్క వేసుకుంటారు, చాక్లెట్ విలువ పెరిగి కూర విలువ పడిపోతుంది.

తెలియకుండా కలపడం గురించి. పోషకాలు ఒంట్లోకి పోవాలంటే అది పనిచేస్తుంది, నేను కాదనను. రెండేళ్ల పాపకు పప్పులో సొరకాయ మెదిపి పెడితే తప్పేముంది? కానీ దాచిపెట్టి తినిపించిన కూర పిల్లాడికి పరిచయం కాదు. దాని రంగు, ఆకారం, పంటి కింద ఎలా ఉంటుందో తెలియదు. పట్టుబడితే జరిగేది మీ ఇంట్లో జరిగిపోయింది: క్యారెట్ రాలేదు సరికదా పప్పూ పోయింది. మాంసకృత్తులకు, ఇనుముకు పప్పు వాడికి చాలా అవసరం. అందుకని ముందు పప్పు మీద నమ్మకం తిరిగి తెప్పించాలి. కొన్నాళ్లు ఏ ముక్కా లేని ఉత్త ముద్దపప్పు, నెయ్యి, వేరే గిన్నెలో. "ఇందులో ఏమీ కలపలేదు, నువ్వే కలిపి చూడు" అని గరిటె వాడి చేతికే ఇవ్వండి. కలపదలచుకుంటే చెప్పి కలపండి. చపాతీ పిండిలో మెంతికూర వేస్తున్నామని, దోసెలో క్యారెట్ తురుము ఉందని వాడికి తెలియాలి. సర్వపిండిలో సొరకాయ తురుము వేసేటప్పుడు ఆ తురిమే పనే వాడికి ఇవ్వొచ్చు.

మూడోది, వదిలేయడం. ఏమీ పట్టించుకోకుండా నూడుల్స్, ఆమ్లెట్ పెడుతూ పోతే గొడవ ఆగుతుంది, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఎదురుగా ఎప్పుడూ రాని కూరను ఏ పిల్లాడూ తినడం మొదలుపెట్టడు. మలబద్ధకం కూడా వస్తుంది, ఒకవేళ ఇప్పటికే ఉంటే అదే ఆకలిని ఇంకా చంపుతుంది. వాడు రోజూ సాఫీగా విరేచనానికి వెళ్తున్నాడో లేదో ఒకసారి గమనించండి.

ఈ మూడూ కాకుండా ఇంకో పద్ధతి ఉంది. నేను చాలా ఇళ్లకు చెప్పేది ఇదే. ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు దీన్ని పనుల పంపకంగా చెప్పారు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దవాళ్ల పనులు. అందులోంచి తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లాడి పని. మీ ఇంట్లో ఇప్పుడు ఇవి తారుమారయ్యాయి. ఏం వండాలో బాబు చెప్తున్నాడు, ఎంత తినాలో మీరు చెప్తున్నారు.

ఆచరణలో ఇలా ఉంటుంది. రాత్రి వంట అందరికీ ఒకటే. అందులో వాడు తప్పక తినేది ఒకటి ఉండాలి, పెరుగన్నమే అనుకోండి. దాంతో పాటు ఇంటిల్లిపాదీ తినే కూర వాడి కంచంలోనూ ఒక చెంచా, అంతకంటే ఎక్కువ వద్దు. తినమని ఎవరూ అనకూడదు. తినకపోతే నూడుల్స్ చేసిపెట్టకూడదు, తింటే చప్పట్లూ కొట్టకూడదు. వేలితో తాకాడు, వాసన చూశాడు, నాలుకకు ఆనించి పక్కన పెట్టాడు అంటే పని జరుగుతున్నట్టే. ఒక కొత్త రుచి పిల్లల నోటికి అలవాటు కావాలంటే ఎనిమిది పదిసార్లు, కొందరికి పదిహేను సార్లు కూడా రుచి చూడాల్సి వస్తుంది. మనం మూడు నాలుగు సార్లు పెట్టి "వీడికి ఇష్టం లేదు" అని తేల్చేస్తాం. దీని ఇబ్బంది కూడా చెప్పాలి. మొదటి రెండు వారాల్లో వాడు మరీ తక్కువ తింటాడు, కొన్ని రాత్రులు పెరుగన్నంతోనే లేచిపోతాడు, ఏడుస్తాడు. ఎత్తు, బరువు బాగున్న పిల్లాడు కాబట్టి దాన్ని తట్టుకోవచ్చు. తట్టుకోవాల్సింది ఎక్కువగా మీరు, మీ అత్తగారు.

అంత ఓపిక ఇప్పుడు ఇంట్లో లేదనిపిస్తే చిన్నగా మొదలుపెట్టే దారీ ఉంది. ఒకే ఒక్క కూరగాయ ఎంచుకోండి. వాడికి అసహ్యమైనది కాదు, అంతగా ఇష్టం లేనిది, అంతే. గోరంత ముక్క రోజూ రుచి చూస్తే ఒక స్టిక్కర్. బ్రిటన్‌లో 4 నుంచి 6 ఏళ్ల పిల్లలతో ఇలా చేసి చూశారు. కూర మీద ఇష్టం పెరిగింది, స్టిక్కర్లు ఆపేసిన మూడు నెలలకు కూడా నిలిచింది. చాక్లెట్ వద్దన్నాను కదా, స్టిక్కర్ ఎందుకంటారా? స్టిక్కర్ తిండి వస్తువు కాదు, పైగా ఇక్కడ ఇస్తున్నది కంచం ఖాళీ చేసినందుకు కాదు, ఒక్క ముక్క రుచి చూసినందుకు. రుచి చూడను అంటే ఆ రోజుకు స్టిక్కర్ లేదు, మాటా లేదు.

ఏ కూరగాయతో మొదలుపెట్టాలి? మన వంటల్లో పిల్లలకు చిక్కు ఎక్కువగా రుచితో కాదు, మెత్తదనంతో. బీరకాయ కూరలో ముక్క ఏదో, పులుసు ఏదో తెలియదు. అలాంటిదాన్ని పిల్లలు నమ్మరు. కరకరలాడేవి నమ్ముతారు. పచ్చి క్యారెట్, కీర దోసకాయ వేళ్లలా కోసి, నిమ్మకాయ పిండి, ఉప్పు చల్లి, మీరు వంట చేస్తున్నంతసేపూ ఎదురుగా పెట్టి ఉంచండి, అప్పుడే వాడికి ఆకలి. మునక్కాయ చాలామంది పిల్లలకు నచ్చుతుంది, చేత్తో పట్టుకుని నమిలి పిప్పి ఊసేయడం వాళ్లకు సరదా. పప్పుచారులోని మునక్కాయ ముక్క ఒకటి విడిగా తీసి ఇవ్వండి. చికెన్ ఇష్టం కాబట్టి దాని తోడుగా కూరలు వచ్చేలా వండొచ్చు. మన హైదరాబాదు దాల్చాలో మాంసంతో పాటు సొరకాయ పెద్ద పెద్ద ముక్కలుగా ఉడుకుతుంది, మాంసం రుచంతా ఆ ముక్కకు పడుతుంది. పాలకూర చికెన్, పుంటికూర మటన్ కూడా అలాంటివే. మన అమ్మలు ఆకుకూరను మాంసంలో వేసింది ఊరికే కాదు.

కొన్నాళ్లకు బెండకాయ మళ్లీ తెచ్చినప్పుడు ఇలా చేసి చూడండి. కడిగి, బట్టతో పూర్తిగా తుడిచి, కాసేపు గాలికి ఆరనివ్వండి. కాయ మీద తడి లేకుండా, పీట మీదా తడి లేకుండా సన్నటి చక్రాలుగా కోయండి. వెడల్పు బాణలిలో నూనె బాగా కాగాక ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా వేసి, మూత పెట్టకుండా, పదేపదే కలపకుండా వేయించండి. మొదట్లో దారాల్లా సాగుతుంది, అది చూసి నీళ్లు చల్లకండి, వేగేకొద్దీ పోతుంది. అంచులు ఎర్రబడ్డాక చివర్లో ఉప్పు, కాసిన్ని పల్లీల పొడి. ముందే ఉప్పేస్తే నీరు వదిలి మళ్లీ జిగురవుతుంది. గిన్నెలో పోసి బల్ల మీద పెట్టి మీరు తింటూ ఉండండి, వాడికి వడ్డించకండి. చెయ్యి వాడే చాపాలి.

ఇక్కడే మీవారి సంగతి వస్తుంది. ఇది మీరు ఒక్కరే మోయలేరు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజంతా తినేదాంట్లో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని చెప్పింది. మన ఇళ్లలో కంచం నిండా అన్నమే, కూర పక్కన కాస్త. ఆ లెక్కన మారాల్సింది పిల్లాడి కంచం ఒక్కటే కాదు. మీవారితో పిల్లల ముందు కాకుండా విడిగా మాట్లాడండి. "వంకాయ తినాల్సిందే" అని ఆయన్నీ బలవంతపెట్టకండి, వాడి మీద పనిచేయని పద్ధతి ఆయన మీదా పనిచేయదు. రెండే అడగండి: పిల్లల ముందు ముక్కలు ఏరి పక్కన పెట్టొద్దు, ఆయనకు నచ్చే రెండు మూడు కూరలు ఏవో చెప్పి అవి పిల్లల ఎదురుగా కూర్చుని తినాలి. బాబు తండ్రి కంచాన్ని చూస్తున్నాడు, పాప అన్న కంచాన్ని చూస్తోంది. ఆదివారం పొద్దున తండ్రీకొడుకులు కలిసి కూకట్‌పల్లి రైతు బజారుకు వెళ్లొస్తే ఇంకా మంచిది. ఇరవై రూపాయలు బాబు చేతికిచ్చి, నీకు నచ్చిన కూరగాయ ఏదైనా ఒక్కటి కొనుక్కో అనమనండి. బోర్డు మీద ధర చదవడం, బేరం లేకుండా పావుకిలో తూయించడం, సంచిలో వేసుకోవడం వాడే చేయాలి. కొన్నదాన్ని తినాలని షరతు మాత్రం పెట్టొద్దు.

అత్తగారి గురించి మీ ఉత్తరంలో కొంచెం కోపం ఉంది, నాకర్థమైంది. కానీ పగలంతా ఇద్దరు పిల్లల్ని మోస్తున్నది ఆవిడే, పిల్లాడు తినకపోతే ముందు ఆవిడ గుండెలోనే రాయి పడుతుంది. ఫోన్ పెట్టి తినిపించడం ఎందుకు మంచిది కాదంటే, చూపు ఫోన్ మీద ఉన్నప్పుడు వాడికి ఏం తింటున్నాడో తెలియదు, కడుపు నిండిందీ తెలియదు. అయితే "మీ వల్లే పాడయ్యాడు" అన్న మాట ఒక్కసారి వచ్చిందంటే ఇంకేదీ ముందుకు సాగదు. ఇలా అడిగి చూడండి: "అత్తమ్మా, డాక్టర్ రక్తం తక్కువుందన్నాడు కదా. పాలు తగ్గించమంటున్నరు. ఒక్క రెండు నెలలు మీరు నాకు తోడుంటే చేసి చూద్దాం. సాయంత్రం వాడికేం పెట్టాల్నో మీరే చెప్పండి." ఫోన్ ఒక్కసారిగా లాక్కోకుండా మొదట ఒక పూట ఆపండి. ఆ పూట ఫోన్ బదులు నానమ్మ కథ చెప్పొచ్చు, కానీ ముద్ద వాడి చేత్తో వాడే కలుపుకోవాలి. కింద అన్నం పడుతుంది, చొక్కా పాడవుతుంది, పడనివ్వండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, బఠాణీలు ఒలవడం, కొత్తిమీర తుంచడం ఆవిడ దగ్గర కూర్చుని వాడు చేసే పనులు కావాలి. బాల్కనీలో ఒక తొట్టిలో పిడికెడు మెంతులు చల్లించండి, వారం తిరిగేసరికి మొలకలు కనపడతాయి. వాడు పెంచిన మెంతికూర నాలుగాకులు పెసరట్టు మీద వేసుకుంటానని వాడే అడగొచ్చు, అడగకపోనూవచ్చు.

బడి డబ్బా విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. అక్కడ ఉండేది ఇరవై నిమిషాలో ఎంతో, పక్కన స్నేహితులు, హడావిడి. వాడు తప్పక తినేదే పెట్టండి, పక్కన చిన్న అరలో రెండు క్యారెట్ ముక్కలో, నాలుగు దానిమ్మ గింజలో. అవి తిరిగొస్తే "ఎందుకు తినలేదు" అని అడగకుండా కడిగేయండి.

ఒక జాగ్రత్త. వాడు తినే పదార్థాలు ఇంకా తగ్గిపోతున్నా, బరువు పెరగడం ఆగినా, మెత్తటివి ఏవి పెట్టినా ఓకరిస్తున్నా, తినేటప్పుడు గొంతుకు అడ్డం పడుతోందన్నా, మట్టి, సుద్ద లాంటివి తింటున్నా మామూలు మారాం అనుకోకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇవేవీ లేకపోయినా సిరప్ కోర్సు అయ్యాక హిమోగ్లోబిన్ పరీక్ష మళ్లీ చేయించండి. వెళ్లేటప్పుడు వారం రోజుల పాటు వాడు తిన్నవీ తాగినవీ ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి, పాలు ఎన్ని గ్లాసులో కూడా. డాక్టర్‌కు మన మాటల కన్నా ఆ కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది.